ఒక్కసారే పిలిచినవాడు

ఎనభైల మొదట్లో నేను ఎమ్మే చదివేటప్పుడు మా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులకు ఒక్కొక్కరికి ఒక స్థానిక విద్యార్థిని తోడు పెట్టేవాళ్లు. నా వంతుకు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక పొడుగాటి మనిషి దక్కాడు. అతన్ని బజారుకు తీసుకుపోవడం, జ్వరమొస్తే ఆస్పత్రిలో పక్కన కూర్చోవడం నా పని. ఎవరూ అడక్కపోయినా తెలుగు కూడా నేర్పాను. పుస్తకాల తెలుగు కాదు, ఎమ్మిగనూరులో మా ఇంటి తెలుగు. అతను "యాడికి పోతాండావప్పా" అంటే మెస్సులో అందరూ అన్నం మానేసి నవ్వేవాళ్లు. నాకు మాత్రం గర్వంగా ఉండేది.

వేసవికి హాస్టల్ మూసేస్తామన్నారు. సొంత దేశం పోయి రావడానికి అతనికి స్తోమత లేదు. ఎవరైనా ఇంట్లో పెట్టుకోకపోతే రెండు నెలలు తలదాచుకునే చోటే లేదు. మా ఇంటికి రమ్మన్నాను. నేను ముందుగా బయల్దేరుతూ దారి కాగితం మీద గీసిచ్చాను. తలుపు తట్టే అలవాటు మాకు లేదని, గుమ్మం ముందు నిలబడి ఇట్లా పిలవమని నేర్పాను: "మా, నేనొచ్చినా. తలుపు తియ్."

అది మా అన్న మాట. బయటి నుంచి ఎప్పుడొచ్చినా అట్లాగే పిలిచేవాడు. రెండేళ్ల ముందు మాధవరం దగ్గర తుంగభద్రలో ఈతకు దిగి చనిపోయాడు. ఆ మాట నేర్పేటప్పుడు అది ఎవరిదో నాకు తట్టనే లేదు. దానికి ఇప్పటికీ నా మీద నాకు కోపం.

నేను ఇల్లు చేరేసరికి ఊరంతా ఒక పుకారు. కోసిగి వైపు మొదలైందట. కూలి కోసం వలసపోయినవాళ్ల గొంతులతో, తాళం పడని ఇళ్ల ముందు మిట్టమధ్యాహ్నం ఏదో పిలుస్తోందట. పలికితే మనిషి దక్కడట. అది ఒక్కసారే పిలుస్తుంది, మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు, అందుకని మూడో పిలుపు దాకా ఎవరూ పలకకూడదు. మా నాన్న బడిలో సైన్సు అయ్యవారు, దయ్యాల్లేవని పిల్లలకు పాఠం చెప్పేవాడు. చెప్పేవి శ్రీరంగనీతులు. ఇంట్లో వేళ్లు మడిచి పిలుపులు లెక్కపెట్టేది ఆయనే. నేను నవ్వాను గానీ, నేనూ పలికేవాణ్ణి కాదు.

అతను శనివారం వస్తానన్నాడు. గురువారం మధ్యాహ్నం, వీధిలో మగ్గాల చప్పుడు కూడా ఆగిన వేళ, తలుపవతల నుంచి వినబడింది.

"మా, నేనొచ్చినా. తలుపు తియ్."

అన్న యాసే, అన్న నిదానమే. విస్తరాకులు కుడుతున్న అమ్మ లేచి నిలబడింది. నాన్న ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంగా రెండుండాయి" అన్నాడు గుసగుసగా.

తలుపు కింది సందులో రెండు పాదాల నీడ. ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. రెండో పిలుపు రాలేదు. కాసేపటికి నీడ కదిలి పోయింది. అమ్మ ఏడవలేదు.

"వాడు ఎండకు తాళలేడు" అంది.

పెద్దవాళ్ల గుమ్మం ముందు రెండోసారి పిలవడం తమ దేశంలో మర్యాద కాదని నా స్నేహితుడు ఒకప్పుడు చెప్పిన మాట నాకు గుర్తొచ్చేసరికి గంట దాటింది. హాస్టల్ ముందే మూసేసినట్టున్నారు. చెప్పుల్లేకుండా పరిగెత్తాను, నా వెనకే అమ్మ. బస్టాండులో ఆదోని బస్సు కోసం పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"లోపల మనుషులుండారని తెలుసు" అన్నాడు, మా ఇంటి తెలుగులోనే. "ఊపిరి ఇనబడింది. నన్ను వద్దనుకున్యారేమో అనుకున్యా."

అమ్మే చెప్పింది.

"వద్దని కాదు నాయనా. భయపడితిమి."

పెట్టెకు ఒక పక్క తనే పట్టుకుంది.

మరుసటి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ అతన్ని వీధిలోకి పోయి మళ్లీ పిలవమంది. నాన్న వద్దన్నాడు. "వీధిలో వాళ్లకూ భయం పోతుంది" అని సాకు చెప్పి, తలుపేసి గడియ పెట్టింది. మూడుసార్లు పిలవాలని అతనికి ముందే గట్టిగా చెప్పింది.

మొదటి పిలుపుకు అమ్మ కళ్లు మూసుకుంది. రెండో పిలుపుకు తలుపు చెక్కకు చెంప ఆనించింది. మూడోదానికి గడియ తీసింది. గుమ్మంలో నిలబడ్డ అతన్ని చూడలేదు, అతని భుజం పక్కనుంచి వీధిలోకి చూసింది. ఎండ తప్ప అక్కడేమీ లేదు. చాలాసేపు చూసింది. ఆ తర్వాతే అతని చెయ్యి పట్టుకుని, "లోపలికి రా నాయనా" అంది.