గోళ్లు చూసే సార్

చేవెళ్ల అమ్మాయిల కబడ్డీ జట్టుకు ఆయన అప్పటికి ఇరవయ్యేళ్లుగా అసిస్టెంట్ కోచే. ఎత్తులు చెప్పేది పెద్ద కోచ్. ఈయన కోర్టుకు సున్నం గీతలు వేసేవారు, ఆటకు ముందు మా గోళ్లు చూసేవారు. "చేతులు చాపుండ్రి బిడ్డా," అని వరుసలో నిలబెట్టి, పెరిగిన గోరు కనిపిస్తే తన నెయిల్ కట్టర్‌తో తనే తీసేవారు.

షాబాద్ జట్టుతో ఆడిన రోజు మాత్రం నేను చేతులు చాపలేదు. మర్నాడు అక్క పెళ్లి. ముచ్చటపడి గోళ్లు పెంచుకున్నాను.

"పొద్దుగాలనే తీసుకున్న సార్," అన్నాను. నమ్మి, పక్కమ్మాయి దగ్గరికి వెళ్లారు.

ఆటలో నా గోరు అవతలి అమ్మాయి కంటి కింద చీరేసింది. రెఫరీ మా మీదికి వచ్చాడు.

"తప్పు నాదే సార్. నేనే చూడలే," అన్నారాయన.

ఆ సాయంత్రమే పెద్ద కోచ్ ఆయన్ని జట్టులోంచి తీసేశాడు. నేను పిడికిళ్లు బిగించి, గోళ్లు దాచుకుని కూర్చున్నాను.

ఇప్పుడు మొయినాబాద్‌లో నేనే కోచ్‌ని. మొన్న బస్టాండులో ఆయన కనిపించారు.

"మంచిగున్నవా బిడ్డా?" అంటూనే నా చేతుల వైపు చూశారు.

నిజంగానే ఆ పొద్దున తీసుకున్న గోళ్లవి. అయినా నా పిడికిళ్లు వాటంతటవే ముడుచుకుపోయాయి.