ముప్పై రెండు బెజ్జాల హబ్బు

మేము చిన్నగా ఉన్న కాలంలో మా ఊర్లో సైకిలు కొనేవాళ్ళు తక్కువ... ఒక్కొక్క సామానే కూడబెట్టి కట్టించుకునేవాళ్ళే ఎక్కువ.

మాదీ అట్లనే. ఫ్రేము సోమందేపల్లె నుంచి మా మేనమామ తెచ్చి ఇచ్చినాడు. చైను, పెడళ్ళు పాత ఇనుము అంగట్లో దొరికినాయి. తుప్పు పట్టిన రిమ్ములు రెండు ఎవరో పారేస్తాంటే నాయన అడిగి తెచ్చుకుని, ఇసుకతో తోమి తోమి తెల్లగా చేసినాడు. సీటుకు అమ్మ పాత రవికె గుడ్డతో గలీబు కుట్టింది.

ఆ సైకిలు మా ఇద్దరి కోసం... అక్కకూ, నాకూ. మా ఊరి బడి ఏడో తరగతి వరకే. హైస్కూలు ఐదు మైళ్ళ అవతల. అక్క ఏడు పాసై, పోయే దారి లేక సంవత్సరం ఇంట్లోనే ఉండిపోయింది. నేనూ ఏడు పాసయినాక నాయన అన్నాడు... "ఇద్దరికీ కలిపి ఒక సైకిలు కట్టిస్తా. ఒకరు తొక్కండి, ఒకరు వెనక కూచోండి."

ఇక మిగిలింది వెనక హబ్బు. అంటే చక్రం నడిమి ఇరుసు గుండు. మా ఊర్లో సైకిళ్ళు బాగుచేసే మస్తాన్ మామ ఖండితంగా చెప్పేసినాడు.

"ముందర పాతది ఏసినా నడుస్తాదప్పా. బరువంతా వెనక దాని మీదనే. ఇద్దరు ఆడపిల్లోళ్ళు కూచునేది... ఆడ మాత్రం కొత్తది ఎయ్యాల."

కొత్తది రాయదుర్గంలోనే దొరుకుతుంది. నాయన పోయే ముందర నన్ను పిలిచినాడు. "పాపా, వెనక రిమ్ముకు ఎన్ని బెజ్జాలుండాయో లెక్కబెట్టి చీటీ రాసియ్యి." ఆ బెజ్జాల్లోనే పుల్లలు, అంటే స్పోకులు, బిగిస్తారు. రిమ్ముకు ఎన్నో, హబ్బుకూ అన్నే ఉండాలి.

లెక్కలంటే నాకు ప్రాణం. చిన్నప్పటి నుంచీ ఏ పనైనా ఒక పద్ధతిగా చేసేదాన్ని. మొదటి బెజ్జానికి దారం కట్టి, అక్కడి నుంచి వేలు పెట్టి లెక్కబెట్టినా. మళ్ళీ ఒకసారి లెక్కబెట్టినా. ముప్పై రెండు.

కాకపోతే... నేను లెక్కబెట్టింది ముందర రిమ్ము. అది గోడకు ఆనించి చేతికి అందేటట్టు ఉంది. వెనకది కొట్టంలో దూలానికి వేలాడుతోంది. రెండూ ఒకటే సైజు కదా, బెజ్జాలు కూడా ఒకటే ఉంటాయిలే అనుకున్నా.

నాయన హబ్బు తెచ్చినాడు. కొత్త వాటిలో గ్రీసు తక్కువ వేస్తారని, తెచ్చీ తేకముందే విప్పి, బోరు ఇంజనుకు వేసే నల్ల గ్రీసు దండిగా దట్టించినాడు. పసిపిల్లకు నూనె రాసినంత మురిపెంగా...

మరుసటి రోజు మస్తాన్ మామ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసినాడు.

"వెనక హబ్బే గానీ, బెజ్జాలు ముందర చక్రం లెక్కనుండాయప్పా! వెనక దానికి నలభై బెజ్జాలుంటాయి, ముందర దానికి ముప్పై రెండు. ఎవురు చెప్పినారు నీకు?"

నాయన నా వైపు ఒక్కసారి చూసినాడు. చీటీ ఆయన జేబులోనే ఉంది. అక్క నా పక్కనే నిలబడి ఉంది.

"నేనే... అంగట్లో తప్పు చెప్పినా" అన్నాడు నాయన.

"పోయి మార్చుకోని రా పో."

"గ్రీసు పెట్టేసినా కదన్నా. ఎవురు తీసుకుంటారు?"

మస్తాన్ మామ తల కొట్టుకున్నాడు. చివరికి రిమ్ముకు ఎనిమిది బెజ్జాలు ఖాళీగా వదిలేసి, ఉన్న పుల్లలతోనే ఎట్లనో చక్రం కట్టినాడు. "ఒక మనిషికి ఓర్చుకుంటాది. ఇద్దరెక్కితే నాకు తెలీదు" అన్నాడు.

అయినా ఒక్కరోజు ఇద్దరం ఎక్కినాం. నేను తొక్కుతున్నా, అక్క వెనక కూర్చుంది. వంక దాటేటప్పుడు టంగుమని ఒక పుల్ల... ఆ వెంటనే ఇంకో మూడు తెగినాయి. నన్ను వేరే పిల్లలతో నడిపించి బడికి పంపి, అక్క ఒక్కతే ఆ సైకిలు తోసుకుంటూ ఇంటికి వచ్చింది.

ఆ యేడు వాన పడలేదు. శెనక్కాయ పూతలోనే మాడిపోయింది. ఇంకో హబ్బు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. తెగిన పుల్లలు మాత్రం కొత్తవి వేయించినారు.

ఎవరో ఒకరే పోవాలన్నప్పుడు అమ్మ అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. "చిన్నదాన్నే పంపు. దానికి లెక్కలు బాగా వస్తాయి."

మరుసటి పొద్దున సైకిలు తీసుకుని నేనే బయలుదేరినా.

మరుసటి యేడు అక్క కూలోళ్ళతో కలిసి బెంగళూరుకు పోయింది. నేను పదో తరగతి దాకా ఆ సైకిలు మీదనే పోయినా. నాయన ఆ చీటీ సంగతి ఎవరికీ చెప్పకుండానే కన్నుమూసినాడు.

పోయిన వారం మా అమ్మాయి గేర్లు లేని సైకిలు ఒకటి తనే కట్టుకుంటానని ఫోన్లో సామాన్లు ఎంచుతోంది. వెనక హబ్బు దగ్గరే రెండు రోజులు ఆగిపోయింది. ఒక పక్క తొక్కకున్నా చక్రం తిరిగే ఫ్రీవీలట, ఇంకో పక్క చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరిగేదట... ఏది కావాలంటే అది వాడుకోవచ్చట. బెజ్జాలెన్ని అని అడిగినా. "ముందర, వెనక రెండూ ముప్పై రెండేమ్మా. ఇప్పుడు చాలావాటికి అంతే" అన్నది.

వంటింట్లోకి పోయి అక్కకు ఫోన్ చేసినా. చీటీ రాసింది నేనేననీ, తప్పు నాదేననీ ఇన్నేండ్లకు చెప్పినా.

అక్క మెల్లగా అన్నది...

"నా బరువుకే తెగినాయనుకున్నా పాపా. రోంత సన్నబడితే మళ్ళా ఎక్కించుకుంటారేమోనని ఆ నెలంతా సగం సంగటి ముద్దే తిన్నా."

ఆ మిగిలిన సగం ముద్ద రోజూ నా గిన్నెలోనే పెట్టేది. బడి నుంచి ఆకలితో వచ్చి, ఎందుకు పెడుతోందని ఒక్కరోజు కూడా అడగకుండా తినేసినా.

ఇప్పుడు ఇంటింటికీ రెండు బండ్లు... మూల పడిన సైకిళ్ళు వేరే. మీ ఇంట్లో కూడా అప్పట్లో అందరికీ కలిపి ఒక్క సైకిలే ఉండి ఉంటే, దాని మీద పోయింది ఎవరో చెప్పండి... ఇంట్లో ఉండిపోయింది ఎవరో కూడా చెప్పండి.