గిలక్కాయ బండి

మా వీధిలో పొద్దున్న ఏడింటికి ఒక నిమిషంపాటు ఎవరూ నోరు విప్పేవారు కాదు. భక్తితో కాదు, భయంతో. కార్ల షెడ్డు మేస్త్రి చెయ్యెత్తాడంటే పక్కన వెల్డింగు చేసేవాడు మంట ఆపాలి, టైర్ల కొట్టు ముసలాయన గాలి మిషను కట్టెయ్యాలి. ఎదురుగా స్పేర్ పార్ట్స్ కొట్టు నడిపే నేను సగం లేపిన షట్టర్‌ని చేతుల మీద మోస్తూ అలాగే నిలబడాలి. ఆయన చెయ్యి దించితేగాని మాట్లాడకూడదు. మాట్లాడితే స్పానరు వచ్చేది. ఒకసారి నా కొట్టు బోర్డుకే తగిలింది. ఆ సొట్ట ఇంకా ఉంది, నేనే బాగు చేయించలేదు.

రాత్రంతా షెడ్డులో ఉండి చల్లబడ్డ బండిని ఆయన ఆ నిమిషంలో స్టార్ట్ చేయించేవాడు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పట్టి, కళ్ళు మూసుకునేవాడు.

"వేడెక్కాక ఏ ఇంజనైనా అబద్ధమాడుతుంది చెల్లెమ్మా. చల్లగా ఉన్నప్పుడు మొదటి మూడు సెకన్లే నిజం చెబుతుంది" అనేవాడు.

చెప్పడమేమిటి, చేసి చూపించాడు కూడా. సెలూన్లో మొహం నిండా నురగతో కూర్చున్నవాడు, బయట పోతున్న వ్యాను చప్పుడు విని, "మూడో సిలిండరు పని చెయ్యట్లేదు, ఆపండ్రా వాణ్ణి!" అంటూ మెడలో తువ్వాలుతోనే రోడ్డు మీదకి ఉరికాడు. విప్పి చూస్తే మూడోదే. ఆ రోజు నుంచి ఆయనకి చెవిమేస్త్రి అని పేరు పడిపోయింది. డాక్టరు మాట మీద ఇంకో డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళున్నారు గానీ, చెవిమేస్త్రి "ఏమీ లేదు" అన్నాక ఇంకో షెడ్డుకి పోయినవాడు మా వీధిలో లేడు.

మా అందరి కొంపా ముంచింది ఆ నమ్మకమే.

ఆయనకి ఒక్కతే కూతురు. రక్తపరీక్షలు చేసే చోట పని. నాలుగేళ్ళ కిందట ఆయనే పది బళ్ళు విని, పదకొండోదాన్ని ఎంచి కొనిపెట్టాడు. చిన్న పెట్రోలు కారు. ఇంటి నుంచి పనికి పది నిమిషాలు, పని నుంచి ఇంటికి పది నిమిషాలు. అంతకు మించి అది ఊరు దాటిన పాపాన పోలేదు. ఆ పిల్ల నన్ను అత్తా అంటుంది. వాళ్ళమ్మ నాకు వదిన. చుట్టరికం ఏమీ లేదు, ఇరవై ఏళ్ళు ఎదురెదురుగా బతికితే అదే వస్తుంది.

ఒకరోజు ఆ పిల్ల పనికి పోతూ నా కొట్టు ముందు ఆగి, "అత్తా, నా బండి గిలక్కాయ అయిపోయింది. పొద్దున్నే తాళం తిప్పగానే గలగలమంటుంది. రెండు సెకన్లు, అంతే. తర్వాత మంచి పిల్లలా ఉంటుంది" అంది నవ్వుతూ.

"మీ నాన్నకి చెప్పావా?"

"చెప్పకుండా ఉంటానా? ఇవాళ రాత్రికి షెడ్డులో పెట్టమన్నాడు."

మర్నాడు ఏడింటికి ఆయన చెయ్యెత్తాడు. వీధి ఆగింది. కూతురు తాళం తిప్పింది. ఇంజను ముందు వైపు నుంచి, డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు, గలగలమని వచ్చింది చప్పుడు. నేను రోడ్డుకి ఇవతల ఉన్నాను, నాకు వినపడింది. వెల్డింగువాడు తలెత్తి చూశాడు. టైర్ల ముసలాయన ముక్కు మీద కళ్ళజోడు సర్దుకున్నాడు.

మేస్త్రి కళ్ళు తెరిచి, చెయ్యి దించి, "ఏమీ లేదమ్మా" అన్నాడు.

నేను ఆ చప్పుడేమిటో ఎరగనిదాన్ని కాదు. ఇంజను లోపల ఒక గొలుసుంటుంది, టైమింగ్ చైన్ అంటారు. కింద పిస్టన్లు పైకి లేవడం, పైన వాల్వులు తెరుచుకోవడం ఒకదానికొకటి తగలకుండా నడిపించేది అదే. దాన్ని బిగువుగా పట్టి ఉంచడానికి పక్కన ఒక టెన్షనర్ ఉంటుంది. గొలుసు సాగితే వదులై లోపల గోడలకి కొట్టుకుంటుంది. ఇంకా సాగితే పళ్ళ చక్రం మీద ఒక పన్ను దాటి పక్కకి పడుతుంది. అప్పుడు పిస్టను పోయి వాల్వుని గుద్దుతుంది, నడుస్తున్న ఇంజను నడుస్తున్నట్టే చచ్చిపోతుంది. ఆ బండికి సరిపోయే గొలుసు నా కొట్లో పైఅరలో మూడేళ్ళుగా దుమ్ము కొట్టుకుంటోంది. ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ గొలుసు ఇంజనుతో పుట్టి ఇంజనుతోనే పోవాలి.

అయినా ఊరుకున్నాను. ఆయనకి వినపడనిది నాకు వినపడుతుందా? వినపడినా, ఆయనకి తెలియని అర్థం నాకు తెలుస్తుందా? అలా అనుకున్నాను. వెల్డింగువాడూ అదే అనుకున్నాడు, ముసలాయనా అదే అనుకున్నాడు. ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకుని ఎవరి పనిలో వాళ్ళం పడ్డాం.

రెండు నెలలు గడిచేసరికి ఆ గలగల రెండు సెకన్ల నుంచి నాలుగుకి పోయింది. తర్వాత ఆ పిల్ల బండిని వీధి చివర మలుపు తిప్పేదాకా వినపడేది. పొద్దున్నే అది వినపడగానే నేను పైఅర వైపు చూసేదాన్ని. ఆ పిల్ల కూడా నవ్వడం మానేసింది. "నాన్న ఏమీ లేదన్నాడుగా అత్తా" అనేది, నన్ను అడుగుతున్నట్టు. నేను తల ఊపేదాన్ని. ఆ తల ఊపుళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంతలో వదిన కంటి ఆపరేషను రోజు వచ్చింది. కొండ అవతల ఊళ్ళో పెద్దాసుపత్రి. మధ్యలో కొండ దారి, పదకొండు మలుపులు, ఒక పక్క గోడ, ఒక పక్క లోయ. గురువారం పొద్దున్న ఏడున్నరకి బయల్దేరాలి. తన బండిలో తనే తీసుకెళ్తానంది కూతురు. వదినది సరదా నోరు. "ఈయనకి చెవులిచ్చాడు, నా కళ్ళు ఊడబెరికాడు దేవుడు. ఇద్దర్నీ కలిపి ఒక మనిషిని చేస్తే సరిపోయేది" అని నవ్వింది. ఆ మాటలో సగమే నిజమని ఆవిడకి అప్పటికి తెలీదు.

పిల్లి మెడలో గంట ఎవరో ఒకరు కట్టాలి కదా. బుధవారం పొద్దున్న నేనే పైఅర మీది గొలుసు పెట్టె దించి, దుమ్ము తుడిచి, షెడ్డులోకి పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను.

"ఏంటిది?" అన్నాడు మేస్త్రి.

"పిల్ల బండికి. అన్నా, ఆ చప్పుడు గొలుసుదే. రేపు కొండెక్కుతున్నారు. ఒక్కసారి విప్పి చూడు."

ఆయన మొహం జేగురించింది. "ఇరవై వేల కిలోమీటర్లు కూడా తిరగని బండికి గొలుసు పోతుందా? పెట్టెలమ్ముకునేదానివి, నువ్వు నాకు ఇంజను నేర్పుతావా? నీకు వినపడింది నాకు వినపడలేదా?"

నాదీ తక్కువ నోరు కాదు. "నీ కూతురూ, నీ పెళ్ళామూ! నాకెందుకొచ్చిన గొడవ!" అని విసురుగా వచ్చేశాను. పెట్టె మాత్రం అక్కడే వదిలేశాను. కోపం వచ్చింది గానీ బుద్ధి వచ్చింది కాదు. ఆ పిల్లని పట్టుకుని వెళ్ళొద్దని నేరుగా చెప్పాల్సింది. అది చెయ్యలేదు.

గురువారం వాళ్ళు బయల్దేరారు. గలగల మలుపు దగ్గర ఆగలేదు, మలుపు తిరిగాక కూడా వినపడింది. మేస్త్రి షెడ్డు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపి, లోపలికి పోయి ఒక వ్యాను ముందు కూర్చున్నాడు.

పావుగంట కొట్లో కూర్చుని, ఇక ఉండబట్టలేక నేను షెడ్డులోకి వెళ్ళాను, క్షమించమని అడిగైనా సరే వాళ్ళని వెనక్కి పిలిపిద్దామని. ఆయన వీపు నా వైపుంది. తొందరలో నా మోచెయ్యి తగిలి బల్ల మీది వాషర్ల డబ్బా సిమెంటు నేల మీద పడింది. రెండు మూడొందల వాషర్లు జల్లుమని షెడ్డంతా చిందాయి. రోడ్డవతల ముసలాయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

మేస్త్రి తల తిప్పలేదు.

 ఏడాదిగా నా షట్టరు కీచుమన్నా ఆయన తిట్టకపోవడం గుర్తొచ్చింది. వయసొచ్చి మెత్తబడ్డాడని నేను సంతోషించాను కూడా. సెల్లు మోగుతుంటే తియ్యడని వదిన విసుక్కోవడం గుర్తొచ్చింది. గొంతులు వింటాడు, ఇంజను ఘుర్రుమనడం వింటాడు. సన్నగా, గలగలమనేదే ఆయన చెవికి పోయింది. చప్పుళ్ళన్నిటిలోకీ సరిగ్గా అదే పోయింది.

ఒక వాషరు దొర్లుకుంటూ పోయి ఆయన కాలి దగ్గర పడింది. దాన్ని చూశాడు. తర్వాత నేలంతా చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇవి ఎప్పుడు పడ్డాయి?" అన్నాడు.

"ఇప్పుడే అన్నా. నీ వెనకే."

ఆయన తలెత్తాడు. పైకి, రేకుల సందుల్లోకి చూశాడు. అక్కడ పిచ్చుకలు గూటి కోసం కొట్లాడుకుంటూ కిచకిచమంటున్నాయి.

"ఇవి అరవడం మానేశాయనుకున్నా" అన్నాడు.

నేను ఆ పిల్లకి ఫోను చేశాను. బండి నడిపేటప్పుడు ఫోను తియ్యడం ఆ పిల్లకి అలవాటు లేదు. ఆ మంచి అలవాటు ఈయన నేర్పిందే. వదినకి చేస్తే మోగి మోగి ఆగింది, ఆవిడ కళ్ళకి ఏ బొమ్మ నొక్కాలో ఆనదు. మేస్త్రి వ్యాను తాళాల కోసం గోడకున్న మేకులన్నీ తడుముతున్నాడు. కళ్ళ ముందున్న తాళం కనపడటం లేదు ఆయనకి.  "వెనకాలే పోతా, దారిలో ఆపుతా. మొదటి మలుపు కూడా ఎక్కి ఉండరు" అంటున్నాడు.

అప్పుడు బల్ల మీద ఆయన ఫోను మోగింది. గొలుసు పెట్టె పక్కనే. ఆయనకి రెండడుగుల దూరంలో. ఆయన తాళాలు వెతుకుతూనే ఉన్నాడు.

నేనే తీశాను.

"నాన్నా..." అంది కూతురు. నా గొంతు విని, "అత్తా, నాన్నకివ్వు" అంది. మళ్ళీ వెంటనే, "వద్దులే. నువ్వే విను" అంది.

నాలుగో మలుపులో చటుక్కుమందట. ఇంజను ఆగిపోయిందట. ఇంజను సాయం లేక బ్రేకు రెండోసారి తొక్కేసరికి రాయిలా బిగుసుకుపోయిందట, స్టీరింగు ఒక పట్టాన తిరగలేదట. బండి వెనక్కి జారుతుంటే రెండు చేతులతో వేలాడి దాన్ని కొండగోడకేసి రాసిందట. లోయ వైపు కాకుండా. వెనకొచ్చే లారీ జానెడు దూరంలో తప్పుకుందట. వాళ్ళమ్మ భుజం ఎముక విరిగింది. ఇద్దరూ బతికే ఉన్నారు.

నేను చెబుతుంటే మేస్త్రి నా పెదాలే చూస్తున్నాడు. చెప్పడం అయిపోయాక కింద కూర్చుని వాషర్లు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. ఆపమన్నా ఆపలేదు.

బండిని లాక్కొచ్చాక ఇంజను ఆయనే విప్పాడు, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. గొలుసు చేతిలోకి తీసుకుంటే వేలాడిపోయింది. టెన్షనర్ కింది ప్లాస్టిక్ పట్టీ ముక్కలు ముక్కలై ఆయిల్‌లో తేలుతోంది. ఆ ఆయిల్ నీళ్ళలా ఉంది, పెట్రోలు వాసన కొడుతోంది. వాల్వులు నాలుగు వంగిపోయాయి.

"మీటరు చూసి ఆయిల్ మార్చాను చెల్లెమ్మా" అన్నాడు. "తక్కువ తిరిగిందని రెండేళ్ళు వదిలేశాను. పది నిమిషాలు నడిపి ఆపేస్తే ఇంజను వేడెక్కదు. పెట్రోలంతా ఆయిల్‌లోకి దిగుతుంది. పల్చటి ఆయిల్ గొలుసుని తినేస్తుంది. వచ్చినవాళ్ళందరికీ ఇదే చెబుతాను. నా పిల్లకి చెప్పలేదు."

చెవి సంగతి అప్పుడూ అనలేదు. నేనూ ఎత్తలేదు.

నెల తర్వాత కొత్త గొలుసు పడింది. బండిని రాత్రంతా షెడ్డులో ఉంచారు. పొద్దున్న ఏడింటికి వదిన కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. కూతురు స్టీరింగు ముందు కూర్చుంది. మేస్త్రి స్క్రూడ్రైవర్ ఇంజను మీద ఆనించి, పిడి చెవి వెనక నొక్కి, కళ్ళు మూసుకుని చెయ్యెత్తాడు. వెల్డింగు ఆగింది. గాలి మిషను ఆగింది. నేను షట్టరు సగంలో పట్టుకుని నిలబడ్డాను.

కూతురు తాళం తిప్పింది. ఒకటి, రెండు, మూడు. గలగల లేదు. ఇంజను శుభ్రంగా నడుస్తోంది.

ఆ పిల్ల వాళ్ళ నాన్న మొహం చూడలేదు. ఆయన భుజం మీదుగా, రోడ్డు దాటి, నా వైపు చూసింది. బాగుందా అని కళ్ళతోనే అడిగింది. నేను తల ఊపాను.

మేస్త్రి అప్పటికే కళ్ళు తెరిచి ఉన్నాడు. ముందు కూతుర్ని చూశాడు. తర్వాత ఆ చూపు ఎటు పోయిందో తల తిప్పి చూశాడు. నా తల ఇంకా ఊగుతూనే ఉంది.

 ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయాడు. కూతురు ఇంజను ఆపేసింది. అయినా ఆ చెయ్యి అలాగే పైన ఉంది, వీధి వీధంతా దాన్నే చూస్తూ నిలబడింది. నా చేతుల్లో షట్టరు బరువెక్కింది. ఆ చెయ్యి దిగేదాకా మేమెవరం మాట్లాడలేదు.