రెండు తారీఖులకూ ఒకటే రిపోర్టు

ఆ రోజు పొద్దున లేచేసరికి కాలి మెట్టెలు వేళ్ళకు బిగుసుకుపోయి ఉన్నాయి. మాది మైలవరంలో చేనేత చీరల దుకాణం. రోజంతా నిలబడే పని కాబట్టి కాళ్ళు వాయడం కొత్తేమీ కాదు. కానీ ఈ వాపు పడుకుని లేచినా తగ్గలేదు. మొహం కూడా ఉబ్బింది. మూత్రం నురగ కట్టడం చూశాక నేరుగా డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. అసలే నేను తుమ్మొస్తే న్యుమోనియా అనుకునే రకాన్ని.

మా ఊరి డాక్టరు గారు బీపీ చూసి, టెస్టులు రాశారు. ల్యాబ్ వాళ్ళు రిపోర్టును వాట్సాప్‌లో పంపారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4.

"కొంచెం ఎక్కువుందమ్మా. కంగారు పడకండి. విజయవాడలో కిడ్నీ డాక్టరుకి, నెఫ్రాలజిస్టుకి చూపించండి" అన్నారాయన. కంగారు పడకండి అన్న మాటకు పడినంత కంగారు నేను ఇంకే మాటకూ పడలేదు.

మా ఆయన మాత్రం కంగారు పడే మనిషి కాదు. ఏ షాపుకు ఎప్పుడు సరుకు ఇవ్వాలో ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని, ఆ తారీఖుకు చీరల ధరల ఫైలు లింక్ చేస్తారు. తారీఖు మీద నొక్కితే ఫైలు తెరుచుకుంటుంది. నా డాక్టరు అపాయింట్‌మెంట్లకూ రిపోర్టులను అలాగే తగిలించారు.

"నువ్వు కాగితాలు మొయ్యక్కర్లేదు రమా. ఇట్టా నొక్కితే అట్టా వచ్చేస్తుంది" అని మురిసిపోయారు.

విజయవాడ బెంజ్ సర్కిల్ దాటాక ఉన్న ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గారు ఫోన్లోనే రిపోర్టు చూసి, బీపీ మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమన్నారు. రెండు నెలలకు మళ్ళీ టెస్టు చేయించుకుని రమ్మన్నారు. ఈలోగా నాకు అన్నం సయించడం మానేసింది. నాలుగు చీరలు మడత పెడితే ఆయాసం. రెండో రిపోర్టు వచ్చినప్పుడు మా ఆయన నాకు చూపించలేదు. చూస్తే నిద్రపోనని ఆయన భయం.

రెండోసారి వెళ్ళిన రోజు పెద్ద డాక్టరు గారు సెలవు. ఆయన బదులు ఒక కుర్ర డాక్టరు ఉన్నారు. పోయినసారి రాసిన చీటీలో మందులే తప్ప నంబర్లు లేవు. అందుకని ఆ డాక్టరే మా ఆయన చేతిలోని ఫోన్ తీసుకుని పాత తారీఖు నొక్కి చూశారు, కొత్తది నొక్కి చూశారు.

"పోయినసారీ 2.1, ఇప్పుడూ 2.1. స్టేబుల్‌గా ఉందమ్మా. అవే మందులు కంటిన్యూ చేయండి."

మా ఆయన దణ్ణం పెట్టి లేచారు. నేను లేవలేదు.

"పోయినసారి 1.4 అండీ" అన్నాను.

"ఫోన్లో కనపడుతోంది కదే! ఊరికే బెంబేలు పడతావు" అన్నారు మా ఆయన.

"ఆ నంబరు నేను మర్చిపోతానా? రోజూ దాన్ని తల్చుకునేగా పడుకుంటున్నా!" నేను కుర్చీ వదల్లేదు.

డాక్టరు గారు ఫోన్ మళ్ళీ తీసుకుని రిపోర్టు పైన అచ్చైన తేదీ చూశారు. రెండింటి మీదా అదే తేదీ. "ఇవి రెండూ ఒకటే రిపోర్టండీ. పాతదేదీ?"

మా ఆయన మొహం పాలిపోయింది. ధర మారినప్పుడు పాత ఫైలు మీదే, అదే పేరుతో కొత్తది ఎక్కించడం మా దుకాణం పద్ధతి. అప్పుడు ఏ తారీఖు నొక్కినా కొత్త ధరే కనిపిస్తుంది, పాత ధర పట్టుకుని ఎవరూ పేచీ పెట్టరు. చెయ్యి అలవాటు కొద్దీ నా రిపోర్టుకూ అదే చేశారు. ల్యాబ్ వాళ్ళ వాట్సాప్‌లో వెతికితే పాతది దొరికింది. 1.4.

కుర్ర డాక్టరు వెంటనే పెద్దాయనకు ఫోన్ చేసి మాట్లాడారు. "ఇది స్టేబుల్ కాదమ్మా. ఇంత తొందరగా పెరిగితే ఆగకూడదు. ఇవాళే అడ్మిట్ అవండి, బయాప్సీ చెయ్యాలి."

బయాప్సీలో ఐజీఏ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బని తేలింది. స్టెరాయిడ్స్ మొదలుపెట్టారు. వాటివల్ల షుగర్ పెరిగింది, ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వచ్చి మళ్ళీ ఆసుపత్రిలో పడ్డాను. ఇక లేవననే అనుకున్నాను. మంచం పక్కన మా ఆయన "నా చేతుల్తో నేనే చేశానే" అని కళ్ళు తుడుచుకుంటుంటే ఒళ్ళు మండింది.

"ఏడుపు తర్వాత, ముందు వెళ్ళి రెండు ఇడ్లీ పట్రండి" అన్నాను. అన్నానే గానీ, ఆయన వెళ్ళాక నేనూ ఏడ్చాను.

ఇప్పుడు క్రియాటినిన్ 1.5 దగ్గర నిలబడింది. పూర్తిగా మామూలవదని డాక్టరు గారు చెప్పేశారు. చప్పిడి కూరలు తింటూ, మధ్యాహ్నం దాకా దుకాణంలో కూర్చుంటున్నాను. టెస్టుకు రక్తం ఇచ్చిన రోజు మాత్రం ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

మీరూ రిపోర్టులను ఫోన్లో అపాయింట్‌మెంటుకు తగిలించుకుంటే మంచిదే. కాకపోతే ప్రతి రిపోర్టుకూ తేదీతో వేరే పేరు పెట్టండి, పాతదాని మీద కొత్తది ఎక్కించకండి. లోపలికి పిలిచేలోపు అన్నీ ఒకసారి తెరిచి, పైన అచ్చైన తేదీలు చూసుకోండి. బాగానే ఉందని చెప్పినా మీకు తేడాగా అనిపిస్తే అడగండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఆ రోజు మా ఆయనతో పాటు నేనూ దణ్ణం పెట్టి లేచి ఉంటే, ఈపాటికి డయాలసిస్ మంచం మీద ఉండేదాన్ని.