తాడు లాగే పిల్లకి తూకమెందుకు

నెల కిందట ఒక శుక్రవారం మధ్యాహ్నం సింగపూర్‌లో, వుడ్‌ల్యాండ్స్‌లోని మా ఫ్లాటు వంటింటి గుమ్మంలో నిలబడి నేను చూసింది ఇప్పటికీ మరిచిపోలేకుండా ఉన్నాను. ఇరవై ఏళ్లొచ్చిన మా మనవరాలు, కాలేజీలో చదువుకుంటున్న పిల్ల, సోఫాలో కాళ్లు ముడుచుకుని కూచుని ఒక చేత్తో ఫోను చూసుకుంటూ ఇంకో చేత్తో ఖాళీ నీళ్ల సీసా పట్టుకుని, చూయింగ్ గమ్ము నములుతూ అందులోకి ఉమ్ముతోంది. ఒకసారి కాదు, దగ్గొచ్చి కాదు, పనిగా పెట్టుకుని ఉమ్ముతోంది. సీసాలో మూడో వంతు దాకా నురగ కట్టి ఉంది. నా చేతిలో పప్పు గిన్నె ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ సీసా లాక్కుని కిటికీలోంచి గిరవాటేసేదాన్ని.

"ఏటే ఆ పాడు పని?" అన్నాను.

"వెయిట్ తగ్గాలి అమ్మమ్మా. రేపు తూస్తారు."

"ఉమ్మెంత బరువుంటాదే?"

"చాలా ఉంటుంది లా. నిన్నటి నుంచి వాటర్ కూడా తాగలేదు, తెలుసా?" అంది, మాట చివర ఈ ఊరి "లా" తగిలించి, అదేదో బహుమతి తెచ్చుకున్నట్టు.

మీకు సంగతి తెలియాలంటే ఆ ఆట గురించి చెప్పాలి. ఒలింపిక్సులో చోటు దొరకని ఆటలన్నీ ఒకచోట చేర్చి, దేశదేశాల వాళ్లూ కలిసి నాలుగేళ్లకోసారి పోటీలు పెట్టుకుంటారట. కాళ్లకి చేప తోక లాంటిది తొడుక్కుని ఈదడం, పళ్లెం లాంటిది విసిరి పట్టుకోవడం, ఆడామగా జతగా డ్యాన్సు చెయ్యడం, ఇవన్నీ అందులో ఆటలే. తాడు లాగడం కూడా ఉంది. మా మనవరాలు ఆ తాడు లాగే జట్టులో ఉంది. మర్నాడు శనివారం ఇక్కడ పోటీ గెలిస్తే ఆ పెద్ద పోటీలకి పంపిస్తారు. మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. ఈ అద్దాల దేశంలో పుట్టి, లిఫ్టులో ఎక్కి దిగే పిల్ల, వెతికి వెతికి నేను చిన్నప్పుడు చేసిన పనే పట్టుకుందని లోపల పొంగిపోయాను.

ఎందుకంటే నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. బడి మానిపించి నన్ను తాడు మీద పెట్టారు. (ఈ నాలుగు ముక్కలూ కూడబలుక్కుని రాస్తున్నాను, తప్పులుంటే మా అమ్మాయి దిద్దుతుంది.) మాది ఉత్తరాంధ్ర సముద్రపొడ్డు. మా నాన్నా, చిన్నాన్నలూ తెల్లవారకుండానే తెప్పేసుకుని పోయి, పెద్దవలని నీళ్లలో అర్ధచంద్రంలా వదిలి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి చేర్చేవారు. ఇక అక్కణ్ణించి ఊరంతటి పని. ఈ కొసకో వరస, ఆ కొసకో వరస, ఆడా మగా ముసలీ ముతకా ఇసకలో మడమలు దిగేసి లాగడమే. ఎండ నెత్తికెక్కేదాకా లాగితే వల ఒడ్డుకొచ్చేది. ఒక్కోరోజు నెత్తళ్ల చేపలు వెండి పోసినట్టు పడేవి, ఒక్కోరోజు నాచూ గుల్లలూ తప్ప ఏమీ ఉండేవి కావు. అరచేతులు బొబ్బలెక్కి, ఉప్పునీళ్లు తగిలి మండేవి. అది గొప్ప బతుకని నేను చెప్పబోవడం లేదు.

కానీ మా వైపు తాడు మా పెద్దమ్మ చేతిలో ఉండేది. మా అమ్మకి అక్క, గొంతు పెద్దది, మనసూ పెద్దదే గాని పైకి కనబడనిచ్చేది కాదు. తాటాకు పందిరి కింద రాగి పిండితో కాచిన చోడంబలి కుండ పెట్టుకుని కూచుని, ఒక్కొక్కరి చేతా తాగించి గాని తాడు ముట్టనిచ్చేది కాదు. ఖాళీ కడుపుతో లాగేవాడు మధ్యలో తూలుతాడు, వాడు తూలితే వెనక వాళ్లందరూ ఒకరి మీద ఒకరు పడతారు, అదీ ఆవిడ భయం. వానాకాలంలో ఇళ్లలో గింజ లేనప్పుడు ఆ అంబలి నీళ్లలా పలచబడేది, అయినా కుండ మాత్రం పందిరి కిందకి వచ్చేది. మా అత్త, మేనమామ భార్య, కొత్త కోడలిగా వచ్చినప్పుడు సోమవారం ఉపవాసం అని అంబలి వద్దంది. మా పెద్దమ్మ ఆవిణ్ణి తాడు దగ్గరికే రానివ్వలేదు. "నీ మొక్కు దేవుడికి చెప్పుకో, మా మీద పడకు," అని ఇసకలో కూచోబెట్టింది. అత్త కళ్లనీళ్లు పెట్టుకుని కూచుంది. తీరా వల ఒడ్డుకొచ్చే ముందు పెద్దమ్మే వెళ్లి అత్త చెయ్యి పట్టుకుని లేవదీసి, తీసుకొచ్చి తాడు మీద పెట్టింది. తాడు మీద చెయ్యి పడితే చేపల్లో వాటా ఉంటుంది, అదీ మా ఒడ్డు పద్ధతి. కళ్లు కనబడని తాతలు ఉత్తినే తాడు పట్టుకుని నిలబడేవారు, వాళ్లకీ వాటా. నెలలు నిండిన కోడళ్లు చెయ్యేసేవారు, కడుపులో ఉన్నదానికి కూడా కలిపి కాస్త ఎక్కువ వాటా పడేది.

బరువు సంగతి చెప్పనా? మా పిన్ని ఒకావిడ బాగా లావుగా ఉండేది. పొద్దున్నే ఆవిడ ఒడ్డుకి వస్తుంటే రెండు వరసల వాళ్లూ ఆవిడ కోసం దెబ్బలాడుకునేవారు. "మా వైపు రా వదినా, నువ్వు నిలబడితే చాలు, వల దానంతటదే వస్తుంది," అని వీళ్లు. "ఆవిణ్ణి నిన్న మీరు వాడుకున్నారు, ఇవాళ మాది," అని వాళ్లు. మా పిన్ని పెళ్లికూతురిలా మధ్యలో నిలబడి, ఎవరు ముందు అంబలి ముంత అందిస్తే వాళ్ల వైపు పోయేది. ఆవిడ ఒంటి బరువు ఊరంతటికీ దన్ను.

అటువంటి చోట పుట్టినదాన్ని, తాడు లాగడానికి మనిషి తగ్గాలంటే నా బుర్రకెలా ఎక్కుతుంది? మనవరాలు నాకు ఓపిగ్గా చెప్పింది. జట్టుకి ఎనిమిది మంది. ఎనిమిది మంది బరువూ కలిపి ఒక లెక్క దాటకూడదు. అందరికన్నా వెనక తాడు భుజం మీదుగా వేసుకుని నిలబడే పిల్ల గట్టిగా, బరువుగా ఉండాలి. కాబట్టి ఆ పిల్ల కడుపునిండా తింటుంది, మిగిలినవాళ్లు ఆ మేరకి ఎండిపోతారు. మా పిల్ల మంచిదనిపించుకోవడానికి తన వంతు కన్నా ఎక్కువే తగ్గిస్తానని ఒప్పుకుంది. ఒకరి తిండి ఇంకొకరి పస్తులో కలిసిపోయే లెక్క నేను కరువు రోజుల్లో కూడా చూడలేదు.

ఆ సాయంత్రం ఇంకో దరిద్రం చూశాను. లిటిల్ ఇండియా బజారులో సరుకులు కొన్నప్పుడల్లా వచ్చే కవర్లు నేను మడతపెట్టి సొరుగులో దాస్తాను, ఒక్కటి పారెయ్యనివ్వను. ఈ పిల్ల కొత్త చెత్త సంచి, నల్లటిది, చుట్టలోంచి చింపి, తలకీ చేతులకీ కన్నాలు చేసి, ఒంటికి తొడుక్కుని, దాని మీద చలి కోటు వేసుకుని, ఇంత ఉక్కలో మా బ్లాకు చుట్టూ పరిగెత్తింది. పైకొచ్చి ఆ సంచి విప్పితే చెమట ధారగా గచ్చు మీద పడింది. గుడ్డ తెచ్చి తుడిచింది నేను. ఆ వాసన నాకు ఇంకా ముక్కులో ఉంది. శుభ్రమైన ఇంట్లో, పొయ్యి మీద అన్నం ఉండగా, చెత్త వేసే సంచిలో తనని తాను వేసుకున్న పిల్లని చూసి నాకు జాలి రాలేదు, నిజం చెప్తున్నాను, ఏవగింపే వచ్చింది.

మర్నాడు వద్దన్నా వినకుండా నేనూ వెళ్లాను. మా అమ్మాయి, అల్లుడు, నేను రైల్లో వెళ్లాం. పిల్ల తెల్లారే వెళ్లిపోయింది. తూచే గది లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. కాసేపటికి ఎనిమిది మందీ కేకలేసుకుంటూ, ఒకళ్లనొకళ్లు వాటేసుకుంటూ బయటికొచ్చారు, లెక్కకి లోబడ్డారట. పెదాలు పగిలి, కళ్లు గుంటలు పడి, ఆ నవ్వు మొహాలు చూడలేకపోయాను. ఇక గోడ పక్కన చతికిలబడి తిండి మీద పడ్డారు. చికెన్ అన్నం పొట్లాలు, అరటిపళ్లు, రంగు నీళ్ల సీసాలు, ఏది ముందు ఏది వెనక అని లేదు. మా పిల్ల నమిలిందో మింగిందో నాకు తెలీదు. ఐదు నిమిషాలు కాలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూమ్ కేసి పరిగెత్తింది.

నేను వెనకే పోయి నుదురు పట్టుకున్నాను. తిన్నదంతా పోయింది. వీపు నిమురుతుంటే వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి. చంటిపిల్లప్పుడు నేను నూనె రాసి నలుగు పెట్టిన వీపది. వాళ్ల కోచ్, చైనా అమ్మాయి, గుమ్మం దగ్గరికొచ్చి "ఆంటీ, నార్మల్, నార్మల్," అంది. నాకొచ్చిన ఇంగ్లీషుతో "నో నార్మల్" అన్నాను. ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. మా అమ్మాయి చేత నాకు చెప్పించింది: అన్ని దేశాల వాళ్లూ ఇలాగే తూకానికి ముందు ఎండి, తరవాత తిని, అసలు బరువుతో తాడు దగ్గరికొస్తారట. మనం ఒక్కళ్లం మానేస్తే మనకన్నా బరువైనవాళ్ల మీద లాగాల్సొస్తుందట. తనూ ఇలాగే ఎండి ఆడినదేనట. ఆ మాట నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన రోత తగ్గలేదు.

లాగడం మాత్రం, ఉన్నమాట చెప్పాలి, అద్భుతంగా లాగారు. మేము లాగిన లాగుడు దాని ముందు గుంపు లాగుడే. ఎనిమిది మందీ చెక్క పలకల్లా వెనక్కి వాలి, ఒక్క ఊపిరి తీసి, ఒక్క అడుగు వేశారు. నోరెత్తి కేకలేసేది కోచ్ ఒక్కర్తే. తాడు కదలదు, కదలదు, ఇంక కదలదేమో అనుకుంటుంటే జానెడు ఇటు వచ్చింది. నా పిడికిళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. మా అల్లుడు పక్కన కుర్చీ ఎక్కి అరుస్తుంటే సిగ్గు కూడా వెయ్యలేదు. గెలిచారు. మా పిల్ల ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. ఇంకా వాంతి వాసన వేస్తోంది. దాన్ని మెచ్చుకోబోయి, పమిట చెంగుతో దాని మూతి తుడిచాను.

ఇంటికొచ్చాక అల్లుడు కేకు తెచ్చాడు. పిల్ల కోసింది, అందరి నోట్లోనూ పెట్టింది, తను ముట్టలేదు. మళ్లీ తూకం కొన్ని నెలల్లో ఉంది, అక్కడ, ఆ పెద్ద పోటీల్లో, అదే లెక్క. అప్పుడు నేను చెప్పేశాను, మళ్లీ సీసా చూశానంటే నేను ఊరెళ్లిపోతాను, టిక్కెట్టు కొనండి అని.

"అదేంటి అత్తయ్యా, దేశం తరఫున ఆడబోతోంది," అన్నాడు అల్లుడు.

"నువ్వెళ్తే నాకెవరు వండుతారు?" అంది మనవరాలు నవ్వుతూ.

"తినని దానికి వంటెందుకే?" అన్నాను.

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. మా అమ్మాయి లేచి వెళ్లి గ్లాసుడు మజ్జిగ తెచ్చి కూతురి ముందు పెట్టింది. తరవాత మనవరాలే బేరం పెట్టింది. చివరి వారంలో ఎండిపోకుండా ఉండాలంటే ఇప్పట్నుంచీ రోజూ కొలిచి తినాలట, తను కొలుచుకుంటే భయంతో తగ్గించేసుకుంటుందట. "నువ్వు తూచి పెట్టు అమ్మమ్మా. నువ్వు ఎంత పెడితే అంత తింటాను. ఉమ్మను, సంచి వేసుకోను, ప్రామిస్."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను? ఇప్పుడు మా వంటింటి గట్టు మీద అరచెయ్యంత తూకం మిషను ఉంది. రోజూ దాని మీద పళ్లెం పెట్టి, గరిటెతో అన్నం వేసి, అంకె చూసి, ఎక్కువైతే నాలుగు మెతుకులు వెనక్కి తీస్తాను. పిల్ల మాట నిలబెట్టుకుంది, పెట్టినంతా తింటోంది, బుగ్గ కాస్త నిండింది కూడా. మా అమ్మాయి, అల్లుడు అంతా సర్దుకుందని అనుకుంటున్నారు.

నా ఈడు వాళ్లకి తెలుసు కదా, మన కాలంలో అన్నం కొలిచి పెట్టడమంటే సవతి తల్లి కూడా చెయ్యడానికి సిగ్గుపడే పని. లేమిలో కూడా, గిన్నె అడుగు గీకుతూ కూడా, మారు కావాలా అని అడిగి గాని గరిటె కింద పెట్టేవాళ్లం కాదు. లేదని తెలిసీ అడిగేవాళ్లం, తినేవాళ్లు చాలని అబద్ధమాడి లేచేవాళ్లు. ఇప్పుడు ఈ ఇంట్లో బియ్యానికి కరువు లేదు. మనవరాలు ఆఖరి మెతుకు దాకా తిని, వేళ్లు నాకి, ఖాళీ పళ్లెం కేసి ఒక్క క్షణం చూస్తుంది. నేను చేతిలో గరిటె పట్టుకుని నిలబడి ఉంటాను. అది అడగదు, నేనూ అడగను.