కొత్త టైర్లూ, పొన్నేరి జాడీ

కోదండరాం మామ కొట్లో పాత టైరు చూపించకుండా కొత్త టైరు కొనడం కుదిరేది కాదు. ఎంత పెద్దమనిషి వచ్చినా అదే మాట. "పాతది ఏదీ? చూపించు."

మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో చీరల కొట్లు వరసగా ఉన్న వీధిలో ఆయనదొక్కటే టైర్ల కొట్టు. అన్నదమ్ములు తాతల నాటి జవుళి వ్యాపారంలో చల్లగా కూర్చుంటే, ఈయన మాత్రం తెల్ల పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి రబ్బరు వాసన మధ్య ముక్కాలిపీట వేసుక్కూర్చునేవాడు. జన్మలో మోటారుసైకిలు తోలినవాడు కాదు. ఇంటి నుంచి కొట్టుకు సైకిలు మీద వచ్చేవాడు, అదీ సందు మలుపు దగ్గర దిగి నడిపించుకుంటూ. అలాంటి మనిషి టైర్ల సంగతి చెబితే మద్రాసులో రేసుబళ్ళ పిచ్చోళ్ళందరూ చేతులు కట్టుకుని వినేవాళ్ళు. అప్పట్లో నాకది చూస్తే ఒళ్ళు మండేది.

తొంభై నాలుగులో నాకు ఇరవై ఆరేళ్ళు. మైలాపూరులో ఇల్లు, ఊరికి ఉత్తరాన మనలిలో ఉద్యోగం, ఆ రెంటి మధ్యా నా ఆర్.డి. 350 మోటారుసైకిలు. రెండు సైలెన్సర్లతో అది గర్జిస్తే మా వీధి మామీలు కిటికీలు మూసుకునేవాళ్ళు. నాకు మాత్రం అంతకు మించిన సంగీతం లేదు. చిన్నప్పుడు మా నాయన దామోదరం నన్ను స్కూటరు మీద షోలవరం తీసుకుపోయి, పాత విమానాల మైదానంలో జరిగే రేసులు చూపించేవాడు. అప్పుడు పట్టిన పిచ్చి అది. రెండు వారాల్లో ఊరవతల కొత్త ట్రాకులో, కొత్తవాళ్ళకు పెట్టే రేసుకు నా పేరు ఇచ్చేశాను. నాయన పోయి మూడేళ్ళయింది. ఆ ఒక్క రేసూ తోలితే చాలు, పుట్టినందుకు ఏదో చేసినట్టే అనుకునేవాణ్ణి.

టైర్లు బోడిగుండయ్యాయి. బర్మా బజారులో ఓ వెడల్పాటి ఫారిన్ టైరు పట్టి, ఆదివారం పొద్దున్నే భుజాన వేసుకుని మామ కొట్టుకు వెళ్ళాను. బిగించి పెడితే చాలని.

"ఇదేంది వెంకట్రామూ, ఏనుగు కాలికి చెప్పా?" అన్నాడు మామ. బొటనవేలి గోరు దాని మీద గుచ్చి చూశాడు. "గోరు దిగలే, చూడు. ఎన్నేండ్లు ఏ గోడౌన్లో పండుకోనుండిందో, రబ్బరు చచ్చిపొయ్యుండాది. అదీగాక నీ రిమ్ము సన్నం. దీన్ని ఆడ దూరిస్తే రెండు పక్కలా నొక్కుకోని నడుమ ఉబ్బుతాది. వంగేటప్పుడు నేలకు ఆనేది ఇంతేదా." చిటికెన వేలు చూపించాడు.

"మామా, రేసుకు..."

"పాతది ఏదీ?"

బిగింపు పని చేసే మునిరాజు వెనక చక్రం విప్పి టైరు ఊడదీశాడు. మామ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నాడి చూసే వైద్యుడిలా మెల్లగా తిప్పాడు. "నడుమంతా పలక. అది మనలి రోడ్డు. దినామూ తిన్నగా పోతావు, తిన్నగా వస్తావు. ఎడం పక్క బాగా వంగతావు, అంచుదాకా అరిగింది. కుడి పక్క..."

ఆగాడు. కుడి అంచున కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"కుడి పక్క తిరుగుతూ యాడ పడినావు నాయనా?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. అంతకు ముందు ఏడాది మనలిలో ట్యాంకర్లు నూనె కార్చిపోయిన మలుపులో కుడికి తిరుగుతూ పడ్డాను. ఇంట్లో కూడా చెప్పలేదు. ఆనాటి నుంచి కుడి మలుపు వస్తే నా నడుము కర్రలా బిగుసుకుపోయేది. "ఎక్కడా పడలేదు" అని గట్టిగా అన్నాను. 

మామ లోపలికి వెళ్ళి రెండు టైర్లు తెచ్చాడు. ఊరి టైర్లే, పాత కొలతే. "మెత్తన రబ్బరు. శానా దినాలు రాదు. అరిగే రబ్బరేగదా నేలను పట్టుకునేది." నాకు ఉసూరుమంది. తాడిచెట్టంత ఆశతో వచ్చినవాడికి తమలపాకంత టైరా! అయినా ఆయన మాట కాదంటే మద్రాసులో ఇంకో కొట్టువాడు నవ్వుతాడు. మొహం మాడ్చుకుని బిగించుకున్నాను.

అంతటితో అయిందా? అసలు తద్దినం ఇంకా ఉంది. కొత్త టైర్లు వేయించుకున్న ప్రతివాడికీ మామ ఓ చాకిరీ అప్పజెప్పేవాడు. పొన్నేరిలో ఉన్న వాళ్ళక్క అమ్మణికి పింగాణి జాడీ నిండా మావడు పంపేవాడు. ఉప్పునీళ్ళలో ఊరిన మామిడి పిందెలన్నమాట. మూత బదులు గుడ్డ కట్టి, పాత ట్యూబు ముక్కతో జాడీని పెట్రోలు ట్యాంకు మీద బిగించేవాడు. "నీళ్ళు తొణక్కూడదు నాయనా. మెల్లగా పోయి, మెల్లగా రా." ముప్ఫై అయిదు కిలోమీటర్లు! టైర్లు అమ్మి, పైసా ఖర్చు లేకుండా అక్కకు ఊరగాయ చేరవేయిస్తాడని వెనక అందరం నవ్వుకునేవాళ్ళం. ఆయన మీది గౌరవం కొద్దీ ఎవడూ కాదనేవాడు కాదు.

ఆర్.డి. 350 మీద ఊరగాయ జాడీ! రెడ్ హిల్స్ దాటేదాకా ఎద్దుబండిలా పోయాను. సైకిలువాడు కూడా నన్ను దాటి, వెనక్కి తిరిగి చూసి మరీ పోయాడు. షోలవరం వచ్చేసరికి నా ఓపిక అయిపోయింది. రోడ్డు పక్క టీకొట్టు అరుముగం చేతిలో జాడీ పెట్టి, పది నిమిషాల్లో వస్తానని ఆ పాత మైదానంలోకి దూరాను.

ఇక్కడ రేసులు మానేసి, కొత్త ట్రాకుకు మార్చి కొన్నేళ్ళయింది. సిమెంటు పగుళ్ళలో గడ్డి మొలిచింది. నాయన నన్ను భుజాల మీద నిలబెట్టిన చోటు నాకింకా గుర్తే. కుడి పక్క వంగనని ఈ కోదండరాం ఎవరు చెప్పడానికి? రెండుసార్లు కుడికి తిప్పి వచ్చాను. భయం కొంచెం వదిలింది. మూడోసారి ఇంకా వంచాను. వెనక చక్రం సబ్బు మీద జారినట్టు జారిపోయింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! మోచేయి చీరుకుంది, మణికట్టు వాచింది, బ్రేకు పిడి విరిగింది. ఎవరినో బతిమాలి బండిని లారీ ఎక్కించి వెనక్కి వచ్చేశాను. జాడీ మాట గుర్తొచ్చింది గానీ, ఆ నొప్పిలో దాని మొహం చూడాలనిపించలేదు.

కొట్టుకు వచ్చేసరికి సాయంత్రం అయిదవుతోంది. మామ ఫోను పక్కనే కూర్చుని ఉన్నాడు. వాళ్ళావిడ వాసవాంబ ఎదురుగా ఉంది. మధ్యలో టిఫిను క్యారియరు, మూత తీయకుండా.

"జాడీ ఇచ్చేశాను మామా" అన్నాను. "వచ్చేటప్పుడు కుక్క అడ్డమొచ్చింది."

"సరే నాయనా" అన్నాడు మామ.  మునిరాజు దించిన బండి దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు.

వాసవాంబత్త నా మోచేతికి పసుపు అద్దుతూ గొంతు తగ్గించి చెప్పింది. "అక్కయ్య ఫోను చేస్తేగాని మీ మామ అన్నం ముట్టడబ్బయా. టైరు ఏసిన ఒక్కొక్కడికీ ఇదే పాట్లు. కొత్త టైరు మీద నునుపు పొర ఉంటాదంట గదా, మెల్లగా తోలితేగాని అది పోదంట. మెల్లగా పోరా అంటే ఎవురు వింటారు, చెప్పు? జాడీ ఉంటే అందురూ వింటారు."

ఆ రోజు ఫోను రాలేదు. అంటే నేను చెప్పింది అబద్ధమని, నేను నోరు తెరవక ముందే ఆయనకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

మామ వెనక టైరు కుడి అంచును వేలితో తడుముతున్నాడు. వెంట్రుకలు లేవు, రబ్బరు గరుగ్గా లేచి ఉంది. తలెత్తి నన్ను చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"కుడి పక్క వంగినావే!"

రేసునాడు చేతికి కట్టుతో ఇంట్లో పడుకుని గోడ చూస్తూ గడిపాను. ఏడుపొచ్చింది, దాచుకోను. ఆపై నెలలో ఓ ఆదివారం, చేయి నయమయ్యాక కొట్టుకు వెళ్ళాను. "మామా, ఆ జాడీ నేను ఇయ్యలేదు."

"తెలుసు నాయనా. ఇప్పుడు ఇచ్చి రా. మెల్లగా."

అరుముగం జాడీని బిస్కెట్ల డబ్బాల పైన భద్రంగా పెట్టాడు. మళ్ళీ ట్యాంకు మీద కట్టుకుని, చుక్క తొణక్కుండా తోలాను. పొన్నేరి చేరేలోగా కుడి మలుపులు పదకొండు. లెక్కపెట్టాను. ఒక్కదానికీ నడుము బిగుసుకోలేదు.

అమ్మణమ్మది చిన్న పెంకుటిల్లు. జాడీ అందుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. అక్కడ అటక నిండా జాడీలే.

"ఇన్ని ఎవరు తింటారమ్మా?"

"ఎవురు తింటారు? నేను ఉప్పు తినకూడదని డాక్టరు చెప్పి నాలుగేండ్లాయె. ఈదిలో అందరికీ పంచతా ఉండాను. పోయేటప్పుడు ఖాళీవి రెండు తీసకపో, లేకుంటే ఇంకొకడికి దేంట్లో పంపుతాడు?"

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆమె చెప్పులు వేసుకుని, ఫోను చేయడానికి ఎదురు మందుల షాపుకు నడిచింది. నేనూ వెంట వెళ్ళాను. ఫోను ఒక్కసారి మోగీ మోగకముందే అవతల ఎత్తేశారు.

"వచ్చినాడు తమ్ముడూ" అంది అమ్మణమ్మ. "బాగుండాడు. ఇంక తిను పో."