అచ్చు ఉన్న గోనెసంచి

పంతొమ్మిది వందల డెబ్బైలలో మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. ఇది జరిగేనాటికి ఒక్కటీ రాదు. హఫీజ్‌పేట్ స్టేషన్లో ఖాళీ గోనెసంచి పరుచుకుని బండి కోసం కూర్చున్నాను. నల్లని అచ్చు అందంగా ఉందని ఆ వైపే పైకి పెట్టాను. పక్కనున్న ఒకాయన దాన్నే చూస్తూ, "ఈ సంచి ఎక్కడిదమ్మా?" అన్నాడు.

"షావుకారి దగ్గర బియ్యంతోని కొన్నం అన్నా. జర సస్తాగ, తక్కువ ధరకే ఇచ్చిండు."

"బియ్యం బాగున్నాయా?"

"మస్తుగున్నయి. ఒక్క రాయి లేదు. ఏందన్నా, నీకు గూడ కావాల్నా?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "దీనిమీద అండమాన్ అని ఉందమ్మా. మేముండేది అక్కడే, ఇక్కడికి చుట్టాలింటికి వచ్చాను. ఓడ కిరాయి గవర్నమెంటే పెట్టుకుని మాకు పంపే బియ్యం ఇవి. మొన్న వానల్లో ఓడ వచ్చింది గానీ బస్తాలు సగమే దిగాయి. నెల రోజులు పిల్లలకి గంజినీళ్ళే పోశాం. మా చిన్నది ఆ నెలలోనే పోయింది."

నేను లేచి నిలబడ్డాను. "నాకు తెల్వదన్నా," అన్నాను.

"మీకెలా తెలుస్తుందండి." ఆయన వంగి, అక్షరాలు కిందికి వచ్చేలా సంచిని తిప్పి పరిచాడు. "కూర్చోండమ్మా, బండి ఆలస్యమంట."

కూర్చోలేకపోయాను. బండి వచ్చేదాకా ఇద్దరం ఆ సంచికి చెరోపక్క నిలబడే ఉన్నాం.